మాయలో నిజమును చూపిన రచయిత: పింగళి నాగేంద్రరావు గారు

మన డయాసిస్ శతవార్షిక సంచికలో దైవసేవకుల జీవితములు, సంఘముల చరిత్రలు, పాఠశాలల, ఆసుపత్రుల ముచ్చటలు ఉండుట సహజము. వాటి నడుమ ఒక సినిమా రచయిత జీవితము ఎందుకని సభ్యులలో కొందరికి సందేహము కలుగవచ్చు. వ్యాసము వ్రాయ పూనుకొన్నప్పుడు నాకూ ఆ సందేహము కలిగినది. కనుక ముందుగా దానికి కారణము చెప్పుకొని, తరువాత కథలోనికి వస్తాను.

నా చిన్నతనము చిత్తూరు ప్రాంతపు పల్లెలో గడిచినది. మా నాయన గారు సంఘములో ఉపదేశిగా పనిచేసేవారు. వేసవిలో ఊరి బయట టూరింగ్ టాకీసు డేరా వేసేవారు. సాయంత్రము కాగానే మైకులో పాటలు మా ఇంటి వరకు వినిపించేవి. ఊరి పిల్లలందరు బేడా, పావలా పట్టుకొని పరుగెత్తుతుంటే మేము మాత్రము దీపము దగ్గర కూర్చొని వాక్యములు వల్లె వేసుకునేవారము. జరగని దానిని జరిగినట్టు చెప్పుట అబద్ధము గనుక, కట్టుకథ కూడా అబద్ధమే అని మా నాయన గారి నమ్మకము. అందులో మాయలు, మంత్రములు ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

అయితే ఆయనే మాకు యోతాము కథను చెప్పేవారు. చెట్లన్నీ కూడి తమకొక రాజు కావలెనని ఒలీవ చెట్టును, అంజూరపు చెట్టును, ద్రాక్షావల్లిని అడుగుట, అవి ఒప్పుకొనకపోగా చివరకు ముండ్లపొద రాజగుటకు సిద్ధపడుట న్యాయాధిపతుల గ్రంథములో ఉన్నది. చెట్లు మాట్లాడుట ఎక్కడైనా కలదా? నాతాను ప్రవక్త దావీదు నెదుట చెప్పిన గొఱ్ఱెపిల్ల సంగతి కూడా కల్పించిన కథయే. ఆ కథ విన్న తరువాతనే దావీదు తన పాపమును తాను చూడగలిగాడు. అప్పుడు కట్టుకథ అబద్ధమెట్లవుతుంది? ఈ ప్రశ్న నా మనసులో చాలాకాలము మెదలినది. తెలుగువారిలో ఈ ప్రశ్నకు తన పని ద్వారా జవాబు చెప్పిన వారిలో పింగళి నాగేంద్రరావు గారు ముఖ్యులని నా అభిప్రాయము. అందుచేతనే ఈ వ్యాసము.

జననము, చదువు

పింగళి నాగేంద్రరావు గారు 1901వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన బొబ్బిలి సమీపములోని రాజాంలో జన్మించారు. బొబ్బిలి యుద్ధ కథలోని తాండ్ర పాపారాయుడు ఉండిన రాజాం ఇదే. ఇది నేడు విజయనగరం జిల్లాలో ఉన్నది. తండ్రి గోపాలకృష్ణయ్య గారు, తల్లి మహాలక్ష్మమ్మ గారు. తరువాత ఆ కుటుంబము కృష్ణా జిల్లాకు వచ్చి బందరులో స్థిరపడినది. బందరును మచిలీపట్నమని కూడా అంటారు గదా. ఆ దినములలో అది సముద్రపు రేవు మాత్రమే గాక పత్రికలకు, నాటకములకు, జాతీయోద్యమమునకు కూడా రేవు వంటిది. కృష్ణా పత్రిక అక్కడనుండే వెలువడేది. ఆంధ్ర జాతీయ కళాశాల అక్కడనే ఉండేది.

నాగేంద్రరావు గారు ఆ జాతీయ కళాశాలలో చేరి యంత్రవిద్య నేర్చుకున్నారు. మాటలతో మాయలు చేయబోవు మనిషి మొదట చేతపట్టినది మరలు, పనిముట్లు అన్న సంగతి గమనించదగినది. ఆయన సినిమాలలోని మాయా వస్తువులన్నిటికీ ఒక లెక్క, ఒక పద్ధతి ఉంటుంది. ఫలానా పని చేస్తేనే కదులుతుంది, ఫలానా హద్దు దాటితే చెడుతుంది. ఈ పద్ధతి ఆ చదువునుండి వచ్చినదేమో అని నాకు తోస్తుంది.

రైలు కార్ఖానా నుండి రంగస్థలమునకు

యౌవనములో ఆయన బ్రతుకుతెరువుకై ఖర్గపూరు వెళ్ళి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిచేశారు. ఆ కాలములో తెలుగువారు వేలాదిగా ఖర్గపూరు రైలు కార్ఖానాలలో పనికి వెళ్ళేవారు. నాగేంద్రరావు గారు అక్కడ జీతముతో పాటు మరొకటి కూడా సంపాదించుకున్నారు. అది బెంగాలీ సాహిత్యము. ద్విజేంద్రలాల్ రాయ్ గారి నాటకములు అప్పుడు వంగదేశమంతా మారుమ్రోగుతున్నవి. వాటిలో 'మేవాడ్ పతనము', 'పాషాణి' అను రెండింటిని ఆయన తెలుగు చేశారు.

జాతీయోద్యమపు గాలి ఆయనకూ సోకినది. కాంగ్రెసు పనిలో తిరిగారు. 'జన్మభూమి' అను దేశభక్తి గ్రంథమును ప్రచురించి ప్రభుత్వపు ఆగ్రహమునకు గురియైనారు. తరువాత ఔరంగజేబు కుమార్తెను గూర్చి 'జేబున్నీసా' అను నాటకము వ్రాస్తే దానిని ప్రభుత్వము నిషేధించినది. మొదటి రచనలకే ఇటువంటి అనుభవము ఎదురైతే మరొకరు కలము క్రింద పెట్టి ఏ గుమాస్తా ఉద్యోగములోనో కుదురుకొని ఉండేవారు. ఆయన అట్లు చేయలేదు.

ఆయనకు ఆశ్రయమైనది బందరులోని ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ. హరిశ్చంద్ర పాత్రకు పేరుపొందిన డి.వి. సుబ్బారావు గారి నాటక సమాజమది. అందులో నాగేంద్రరావు గారు కార్యదర్శిగాను, రచయితగాను సుమారు రెండు దశాబ్దములు గడిపారు. 'వింధ్యరాణి', 'నా రాజు' మొదలగు నాటకములు ఆ కాలపువే. ఊరూరు తిరుగు నాటక సమాజములో రచయితకు దొరికే పాఠము పుస్తకములలో దొరకదు. నేల మీద కూర్చున్న ప్రేక్షకుడు ఎక్కడ నవ్వుతాడు, ఎక్కడ ఆవులిస్తాడు, ఏ మాట ఇంటికి మోసుకొని పోతాడు అన్నది రాత్రి రాత్రికి తెలిసిపోతుంది. ఆ పాఠమును ఆయన ఇరువది ఏండ్లు నేర్చుకున్నారు.

ఆయన వివాహము చేసుకొనలేదు. తెలుగు ఇండ్లలో పెండ్లి ముచ్చటలను, వియ్యపు వారి వేళాకోళములను, ప్రేయసీ ప్రియుల సరసములను ఆయన వలె వ్రాసినవారు అరుదు. అట్టి మనిషి జీవితమంతా బ్రహ్మచారిగానే ఉండిపోవుట చూస్తే, అనుభవము లేనిదే ఊహ రాదని అనుకొనుట పొరపాటని తెలుస్తుంది.

నలుబది ఎనిమిదవ ఏట

సినిమాలో ఆయన తొలి ప్రయత్నము 1941 ప్రాంతములో వచ్చిన 'భలే పెళ్ళి'. దానివల్ల పేరు రాలేదు. ఆయన తిరిగి నాటకముల వైపే మళ్ళారు. 1948లో ఆయన నాటకము 'వింధ్యరాణి' సినిమాగా వచ్చినది. అదీ ఆశించినంత పేరు తీసికొని రాలేదు. అప్పటికి ఆయన వయస్సు నలుబది ఆరు దాటినది. చేతిలో ఉద్యోగము లేదు, వెనుక ఆస్తి లేదు. లోకదృష్టిలో ఆయన విఫలుడైన నాటక రచయిత.

అటువంటి సమయములో మన రాయలసీమవాడైన కె.వి. రెడ్డి గారు ఆయనను పిలిచారు. తాడిపత్రిలో పుట్టిన రెడ్డి గారు అప్పటికే 'భక్త పోతన', 'యోగి వేమన' చిత్రములకు దర్శకులు. ఆయన వాహినీ సంస్థకు తీసిన 'గుణసుందరి కథ'కు నాగేంద్రరావు గారు మాటలు, పాటలు వ్రాశారు. 1949 చివర అది విడుదలైనది. షేక్‌స్పియరు మహాకవి వ్రాసిన లియర్ రాజు కథ దానికి మూలము. తండ్రికి ముగ్గురు కుమార్తెలు. పెద్దలిద్దరు ముఖస్తుతి చేస్తారు, చిన్నది నిజము చెప్పి తండ్రి కోపమునకు గురి అవుతుంది. అంతవరకు ఇంగ్లీషు కథయే. ఆ తరువాత శాపము పొందిన భర్త, రోగము మాన్పు మణి, దానికై సాహసయాత్ర, ఇవన్నీ మన పేదరాశి పెద్దమ్మ కథలలోనివి. ఎక్కడో ఇంగ్లండు దేశపు విషాద నాటకము తెలుగు ముంగిట్లోని జానపద కథగా మారిపోయినది. అప్పటికి ఆయనకు నలుబది ఎనిమిదేండ్లు నిండుతున్నవి. అసలైన ఆయన రచనా జీవితము అప్పుడు ప్రారంభమైనది. వయస్సు మీరిపోయినదని నిరాశపడు మన సభ్యులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

'పాతాళ భైరవి'

కడప జిల్లా పొట్టిపాడు గ్రామస్థులైన బి. నాగిరెడ్డి గారు, తెనాలి వాస్తవ్యులైన చక్రపాణి గారు కలిసి మద్రాసులో విజయా సంస్థను స్థాపించారు. పిల్లల మాసపత్రిక 'చందమామ'ను 1947 జులైలో ప్రారంభించినవారు కూడా వీరే. వారి సంస్థకు నాగేంద్రరావు గారు ఆస్థాన రచయిత అయినారు. సంస్థ రెండవ చిత్రము 'పాతాళ భైరవి'. 1951 మార్చి 15న విడుదలైనది.

మధిర సుబ్బన్న దీక్షితుల గారి 'కాశీ మజిలీ కథలు', అరేబియా దేశపు అల్లావుద్దీను కథ దీనికి ప్రేరణ. ఉజ్జయిని రాజ్యములో తోటమాలి కొడుకు రాముడు రాజకుమారిని ప్రేమిస్తాడు. తమతో సమానమైన ఐశ్వర్యము సంపాదించుకొని వస్తే పిల్లనిస్తానని రాజు అంటాడు. ఒక సాహసవంతుని బలి ఇచ్చి పాతాళ భైరవిని వశము చేసుకొనవలెనని నేపాళ మాంత్రికుడు వెదకుతుంటాడు. రాముడు ఆ మోసమును తెలిసికొని, కోరినదెల్లా ఇచ్చు ఆ బొమ్మను తానే సంపాదిస్తాడు. రాత్రికి రాత్రి మేడలు లేస్తాయి. కథ అక్కడితో ముగిసి ఉంటే అది పిల్లల కాలక్షేపము మాత్రమే అయి ఉండేది. కాని బొమ్మ ఇచ్చినది బొమ్మతోనే పోతుంది. మాంత్రికుడు దానిని అపహరింపజేసి మేడను, రాజకుమారిని కూడా ఎత్తుకొని పోతాడు. రాముడు మళ్ళీ ఒట్టి చేతులతో, తన ధైర్యముతో, స్నేహితుడు అంజితో బయలుదేరవలసి వస్తుంది. కష్టపడక వచ్చినది నిలువదు, కష్టపడు గుణము మాత్రము పోదు. ఈ సంగతిని ఆయన ఎక్కడా ఉపన్యాసముగా చెప్పలేదు. కథ నడచిన తీరులోనే చెప్పారు.

ఇంకొక సంగతి మన సభ్యులకు తప్పక తోస్తుంది. ఆ మాంత్రికుని శక్తి అతని గడ్డములో ఉంటుంది. అంజి అతనికి మాయమాటలు చెప్పి ఆ గడ్డము తీయిస్తాడు. ఎంత గొప్ప మాంత్రికుడైనను అందగాడనిపించుకొనవలెనను ఆశకు లోబడి క్షవరము చేయించుకుంటాడు. సంసోను, దెలీలాల కథ చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఒకచోట కన్నీరు తెప్పించిన సంగతి మరొకచోట నవ్వు తెప్పించినది. బలవంతుని బలహీనత ఎక్కడ దాగి ఉంటుందో రెండు కథలూ ఒకే విధముగా చూపుతున్నవి.

తోట రాముడుగా ఎన్.టి. రామారావు గారు, మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు గారు ఈ చిత్రముతో ఇంటింటి మనుషులైపోయినారు. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో దక్షిణ దేశమునుండి ప్రదర్శింపబడిన చిత్రమిదే.

'మిస్సమ్మ'లో ఒక ప్రార్థన

మన ఇండ్లలో మరీ ముఖ్యముగా చెప్పుకొను చిత్రము 'మిస్సమ్మ'. 1955లో వచ్చినది. కథ, మాటలు చక్రపాణి గారివి, దర్శకులు ఎల్.వి. ప్రసాదు గారు, పాటలు నాగేంద్రరావు గారివి. క్రైస్తవ దంపతుల ఇంట పెరిగిన మేరీ అను అమ్మాయి ఉద్యోగము కొరకు ఒక హిందూ యువకునితో భార్యాభర్తలుగా నటించవలసి వచ్చుట అందులోని ఇతివృత్తము. ఆ అమ్మాయి తన మనోవేదనను మరియ తల్లికి విన్నవించుకొను పాట ఒకటి ఉన్నది. కరణముల ఇంట పుట్టి, రాక్షసులను, మాంత్రికులను సృష్టించిన ఆ చేయియే ఆ ప్రార్థనను కూడా వ్రాసినది. అందులో వెక్కిరింత లేదు, నటన లేదు. తనది కాని భక్తిలోనికి వినయముతో ప్రవేశించి, ఆ పిల్ల ఎట్లు వేడుకుంటుందో అట్లే వ్రాశారు. ఊహాశక్తి అంటే లేని రాక్షసులను పుట్టించుట మాత్రమే కాదు, ఉన్న పొరుగువాని హృదయములోనికి వెళ్ళగలుగుట కూడా. ఈ రెండవది మొదటిదానికంటే కష్టము.

'మాయాబజార్'

నాగేంద్రరావు గారి పేరు చిరస్థాయిగా నిలిపినది 'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదలైనది. శశిరేఖా పరిణయము కథ వ్యాస భారతములో లేదు. అది జనము నోటిలోను, నాటకములలోను పెరిగిన కథ. 1936లోనే ఒకసారి తెలుగులో సినిమాగా కూడా వచ్చినది.

నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలలో పెరిగినవారికి భారతము కొత్తది కాదు. ధర్మరాజుల గుడి ఎదుట భారతం మిట్ట మీద రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి వీధినాటకము జరుగుతాయి. అర్జునుడు తపస్సు మ్రాను ఎక్కుట, చివరి దినమున నేలమీద పరచిన దుర్యోధనుని మట్టి విగ్రహమును భీముడు కొట్టుట మనమందరము చూచినవే. క్రైస్తవ పిల్లలమైన మేము కూడా దూరమునుండి ఆ హరికథ వింటూ పెరిగినవారమే. అట్టి జనము ఎదుటికి నాగేంద్రరావు గారు, కె.వి. రెడ్డి గారు పాండవులే కనిపించని భారత కథను తెచ్చారు. 'మాయాబజార్'లో ధర్మరాజు గాని, భీముడు గాని, అర్జునుడు గాని ఒక్కసారియైన తెరమీదికి రారు. అయినను వారి కష్టము సినిమా అంతటా తెలుస్తూనే ఉంటుంది. సినిమా చూచి వచ్చినవారిలో ఈ లోటును గమనించినవారు తక్కువ. కనిపించని దానిని ఉన్నట్టు చేయుట ఎంతటి నేర్పో దీనినిబట్టి తెలుసుకొనవచ్చును.

మాయలను ప్రక్కన పెట్టి చూస్తే ఆ కథ మన ఇండ్లలో జరిగేదే. అన్న బలరాముడు, చెల్లెలు సుభద్ర. పిల్లలు చిన్నవారుగా ఉన్నప్పుడే మేనరికము అనుకున్నారు. తరువాత చెల్లెలి ఇంటివారు జూదములో ఓడి ఆస్తి పోగొట్టుకున్నారు. వెంటనే అన్నకు, వదినకు ఇచ్చిన మాట బరువైపోయినది. కలిగినవారి సంబంధము వచ్చినది. రాయలసీమలో ఇట్టి సంగతి జరగని ఊరు ఉన్నదా? ఒక కరువు వచ్చి ఒక ఇల్లు చితికిపోతే, అప్పటివరకు వదినా మరదలా అని పిలుచుకున్నవారు ముఖము చాటువేసిన సంగతులు మన సంఘములలో లేవా?

ఇక్కడనే నాగేంద్రరావు గారి కల్పనలోని విశేషమున్నది. ఆయన కథలోనికి ఒక పెట్టెను తెచ్చారు. దానిపేరు ప్రియదర్శిని. మూత తెరచి చూచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. తల్లి రేవతికి నగలు, మణులు కనిపిస్తాయి. ధర్మాత్ముడనని అనుకొను బలరామునికి దుర్యోధనుడు కనిపిస్తాడు. అందరు చూస్తుండగా, మనసులో ఎవరు కూర్చున్నారో బయటపడిపోతుంది. పాండవుల పక్షమున మాట్లాడవలసిన పెద్దమనిషి లోపల ఎవరి పక్షమో ఒక్క క్షణములో తెలిసిపోతుంది. మన దేశములో టెలివిజను ప్రయోగాత్మకముగా ఢిల్లీలో మొదలైనది 1959లో. అంతకు రెండేండ్ల ముందే ఇట్టి పెట్టెను ఊహించారని ఆయనను మెచ్చుకొనువారు ఉన్నారు. అది నిజమే గాని ఆయన పెట్టెకు, మన ఇండ్లలోని పెట్టెకు పెద్ద తేడా ఉన్నది. మన పెట్టె లోకమును చూపిస్తుంది. ఆయన పెట్టె చూచేవానిని చూపిస్తుంది.

రెండవది సత్యపీఠము. దానిమీద కాలు పెట్టినవారు మనసులోని మాటను దాచలేరు. చివర శకుని దానిమీద నిలువగానే ఈ పెండ్లి వెనుకనున్న కుట్రను తన నోటితో తానే చెప్పివేస్తాడు. బలరామకృష్ణులను కౌరవుల వైపు త్రిప్పుకొనుటకే శశిరేఖను కోరినారని అందరికి తెలుస్తుంది. మాయశశిరేఖ, మాయానగరము, మాయాభోజనము, ఇన్ని మాయలు చేసి చివరకు చేరినది సత్యము దగ్గరకే. అబద్ధము ఆడుచున్నది రాక్షసుడైన ఘటోత్కచుడు కాదు, పట్టువస్త్రములు కట్టిన బంధువులు. ఇది ఆయన సినిమా అంతటికి ఆయువుపట్టు.

మాటల పుట్టుక

నాగేంద్రరావు గారిని మాటల మాంత్రికుడని తెలుగువారు పిలుచుకున్నారు. సంస్కృతములోని అస్మదీయ శబ్దమును ఘటోత్కచుని పరివారము నాలుక తిరుగక అసమదీయులని పలుకుతుంది. దానికి జోడుగా పరాయివారికి తసమదీయులు అను మాట పుట్టినది. ఆ రెండు మాటలు నేటికీ పత్రికలలోను, రాజకీయ ఉపన్యాసములలోను వినబడుతున్నవి. మెప్పు పొందినవానికి వీరతాడు వేయుట ఆయన కల్పనయే. మాయా కంబళికి గింబళి అని, మాయా తల్పమునకు గిల్పము అని పేర్లు పెట్టారు. 'పాతాళ భైరవి'లో మాంత్రికుడు పిలుచు డింభకుడు, డింగరి అను మాటలను మన వీధిలోని పిల్లలు ఎన్నో ఏండ్లు ఒకరినొకరు పిలుచుకున్నారు.

ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎట్లు పుడతాయను భావమును ఆయన ఘటోత్కచుని చేతనే పలికించారు. ఏదెను తోటలో ఆదాము జంతువులకు పేర్లు పెట్టుట మనకు తెలుసు. పేరు పెట్టుట మనుష్యునికి అప్పగింపబడిన మొదటి పనులలో ఒకటి. పండితుల అనుమతి కొరకు చూడక, నిఘంటువులను అడుగక, పిల్లవాడు మాట నేర్చుకొనునట్లు నవ్వుతూ మాటలు పుట్టించినవారు నాగేంద్రరావు గారు. ఆయన పాండిత్యము లేనివారు కారు. పాండిత్యమును అవసరమైన చోట దాచుకొనుట తెలిసినవారు.

ఇదంతా ఆయన ఒక్కరి పని అనుట న్యాయము కాదు. కె.వి. రెడ్డి గారు దృశ్యములను ముందుగానే నిమిషముల లెక్కన నిర్ణయించుకొను కఠినమైన దర్శకులు. మార్కస్ బార్ట్లే గారి కెమెరా స్టూడియోలోనే వెన్నెలను కాయించినది. గోఖలే, కళాధర్ గార్లు మాయానగరమును కట్టి నిలిపారు. ఘంటసాల గారు, సాలూరి రాజేశ్వరరావు గారు, పెండ్యాల గారు ఆయన పాటలకు ప్రాణము పోశారు. ఒక సంఘములో అనేక వరములు కలిసి పనిచేసినట్లు విజయా సంస్థలో అందరి ప్రతిభలు కలిసి పనిచేసినవి.

తరువాతి చిత్రములు, చివరి దినములు

'మాయాబజార్' తరువాత ఆయన 'మహాకవి కాళిదాసు' (1960), 'జగదేకవీరుని కథ' (1961), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963) మొదలగు చిత్రములకు వ్రాశారు. 'గుండమ్మ కథ' (1962) పాటలు ఆయనవే. 'జగదేకవీరుని కథ'లో రాజకుమారుడు కలలో కనిపించిన దేవకన్యలను వెదకుతూ బయలుదేరుతాడు. అందులోని శివశంకరి పాట పాడవలెనంటే నేటికీ గాయకులు జంకుతారు.

1965 తరువాత కాలము మారినది. ప్రేక్షకులు సాంఘిక చిత్రముల వైపు, రంగుల చిత్రముల వైపు మళ్ళారు. 1968లో వచ్చిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ', 'భాగ్యచక్రము' మునుపటి ఆదరణ పొందలేదు. ఒకప్పుడు ఊరూరా మ్రోగిన కలము క్రమముగా మౌనము వహించినది. 1971 మే 6వ తేదీన నాగేంద్రరావు గారు అరువది తొమ్మిదవ ఏట కన్నుమూశారు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో కె.వి. రెడ్డి గారు కూడా ఆయనను అనుసరించారు. నాగేంద్రరావు గారు వ్రాసి ఉంచిన 'చాణక్య చంద్రగుప్త' ఆయన పోయిన ఆరేండ్లకు, 1977లో, తెరమీదికి వచ్చినది.

ఆయన వెనుక భార్యాబిడ్డలు లేరు. కాని 2010లో 'మాయాబజార్'ను రంగులలో తిరిగి విడుదల చేస్తే తాతలు మనుమలను వెంటబెట్టుకొని వెళ్ళారు. 2013లో భారతీయ సినిమాకు నూరేండ్లు నిండిన సందర్భమున ఒక టెలివిజను సంస్థ జరిపిన ఓటింగులో దేశమంతటిలో అత్యుత్తమ చిత్రముగా దానినే ఎన్నుకున్నారు.

ముగింపు

మొదట చెప్పిన మా నాయన గారి సంగతితో ఈ వ్యాసము ముగిస్తాను. ఆయన వృద్ధాప్యములో, మా ఊరికి టెలివిజను వచ్చిన తరువాత, ఒక ఆదివారము సాయంత్రము పొరుగింటిలో 'మాయాబజార్' వేస్తున్నారని పిల్లలందరు వెళ్ళారు. మనుమరాలు చేయి పట్టుకొని లాగితే ఆయన కూడా వెళ్ళి వాకిట కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఏమియు మాట్లాడలేదు. ఇంటికి వచ్చి భోజనము చేసి, ప్రార్థన చేసుకొని పడుకున్నారు.

రెండు మూడు వారముల తరువాత ఆయనకు ప్రసంగము చేయు వంతు వచ్చినది. హృదయ రహస్యములన్నియు దేవుని యెదుట తేటపడు దినమును గూర్చి ఆయన మాట్లాడారు. నడుమ ఒక కథ చెప్పారు. ఒక పీఠము ఉన్నదనుకొనుడి, దానిమీద నిలిచినవాడు మనసులోనిది దాచలేడనుకొనుడి, మనలో ఎంతమందిమి ధైర్యముగా దానిపై కాలు పెట్టగలమని అడిగారు. సినిమా పేరు మాత్రము చెప్పలేదు. గుడిలో వెనుక వరుసలలోని పిల్లలు ఒకరినొకరు చూచుకొని నవ్వుకున్నారు. పెద్దలు మాత్రము నవ్వలేదు. తలలు వంచుకొని కూర్చున్నారు.

కట్టుకథ అబద్ధమా అన్న నా ప్రశ్నకు ఆ దినమున జవాబు దొరికినదని నేను అనుకుంటాను. మన ఆదివారపు బడులలో పిల్లలకు వాక్యములతో పాటు కథలు చెప్పు పెద్దలు తగ్గిపోయారు. ఈ నూరేండ్ల పండుగ సందర్భమున ప్రతి సంఘములో ఒక్కరైనా, ఒక్క సాయంత్రమైనా, పిల్లలను చుట్టు కూర్చోబెట్టుకొని కథ చెప్పుట మళ్ళీ మొదలుపెడితే ఈ వ్యాసము వ్రాసిన శ్రమ నాకు సార్థకమగును.